అగైన్ అంటే

మంగళవారం వచ్చిందంటే సారాకి పొద్దున లేస్తూనే ఒళ్ళు బరువుగా ఉంటుంది. నాలుగేళ్ళ జోయల్‌ని చంకనేసుకుని గుమ్మఘట్టలో బస్సెక్కాలి. రాయదుర్గంలో మారాలి. అనంతపురంలో దిగేసరికి ఎండ నడినెత్తికొస్తుంది. ఆస్పత్రిలో గంటసేపు పాఠం. మళ్ళీ అంత దూరమూ వెనక్కి.

జోయల్‌కి పుట్టుకతోనే వినపడదు. పోయినేడు ఆపరేషన్ చేసి చెవి వెనక మిషన్ పెట్టారు. మిషన్ ఒక్కటే చాలదు, వాడికి వినడం నేర్పాలి, మాట నేర్పాలి అన్నారు. ఏడాదిపాటు వారానికొక పాఠం.

నేర్పేది అశ్విని అనే అమ్మాయి. అట్టముక్క ఒకటి నోటికి అడ్డం పెట్టుకుని మాట చెబుతుంది. పెదాలు చూడకుండా, చెవితోనే విని జోయల్ ఆ మాట అనాలి. వాడేమో గిన్నెలో పూసలు వేసుకుంటూ కూర్చుంటాడు. అశ్విని అట్ట దించి "అగైన్" అంటుంది. మళ్ళీ అట్ట లేస్తుంది. అది లేచినప్పుడల్లా సారా, ఎప్పుడు దిగుతుందా అని దాన్నే చూస్తూ కూర్చునేది.

అగైన్ అంటే తప్పు అని కాబోలు అనుకుంది మొదట్లో. నెల తర్వాత సిగ్గు విడిచి అడిగింది.

"తప్పు కాదక్కా, మళ్లా అని," అంది అశ్విని. "తప్పని వదిలేస్తే ఇంకేముండాది? వదలకూడదనే అగైన్."

చీటీ చివర డాక్టరు రాసేది కూడా ఆ మాటేనట. మళ్ళీ రావాలి అని.

ఆ మాట సారాకి పట్టుకుంది. శనక్కాయ చేలో కలుపుకి పోయినా కొడుకుని గట్టు మీద కూర్చోబెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "అమ్మ" అనేది. వాడు పలికేవాడు కాదు. అగైన్. వాడి పెదవి కదిలినట్టు అనిపిస్తే గొంతు మీద వేలు పెట్టి చూసేది. ఏమీ లేదు. అగైన్. ఆమె అరుపులకి పక్క సాళ్ళలో ఆడవాళ్ళు తలలెత్తి చూసి నవ్వుకునేవాళ్ళు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చేను ఎండింది, కలుపు పని కూడా లేకపోయింది. సారా నోరు మాత్రం ఆగలేదు.

మొగుడు జాకబ్ బెంగుళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. ఎప్పుడు చేసినా వీడియో కాలే. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని ఒకటే అడుగుతాడు, మాటొచ్చిందా అని. సారా తల అడ్డంగా ఊపేది. అంతటితో కాల్ అయిపోయేది.

ఏడాది అయిపోవచ్చింది. ఒకరోజు అత్త తిప్పమ్మ సంగటి గిన్నె పక్కన పెట్టి, కోడలి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"వీనికి మొగమంతా వాళ్ళ నాయనది. రాత నీది," అంది. "ఇంగ చాలు పాపా. మాట రాని పిల్లోళ్ళ హాస్టలుండాదంట, ఆడ చేర్పిచ్చేద్దాం. నిన్ను నువ్వు చూసుకో, ఎట్లయిపోయినావో."

తిట్టి ఉంటే సారా ఎదురు చెప్పేదే. అత్త కళ్ళలో నీళ్ళు చూసి మెత్తబడింది. ఆఖరి పాఠం ఒకటి మిగిలింది, అదయినాక నీ ఇష్టం అంది.

ఆ మంగళవారం తిప్పమ్మ కూడా వెంట వచ్చింది. హాస్టలు కాగితాలు ఆమె చేతిసంచిలో ఉన్నాయి. అట్ట లేచింది, దిగింది. అగైన్. లేచింది, దిగింది. జోయల్ విసుగెత్తి పూసలన్నీ కింద పోసేశాడు. గంట గడిచింది. అశ్విని ఇక ఆ మాట అనలేక అట్టను బల్ల మీద పెట్టింది. సారా మొహంలోకి చూసి, టైమైపోయిందక్కా అని మెల్లగా చెప్పింది.

సారా తలూపింది. గోడవైపు తిరిగి గొంతుక్కూర్చుని సంచి సర్దడం మొదలుపెట్టింది. నీళ్ళ బాటిలు, పిల్లోడి చొక్కా, మిషన్ డబ్బా.

"అమ్మా."

మాట వంకరగానే వచ్చింది. కానీ అమ్మ అనే మాటే. తిప్పమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

సారా వెనక్కి తిరగలేదు. తువ్వాలు మడత పెడుతూనే ఉంది.

అశ్విని గబుక్కున వాడి ముందుకు వంగింది. "అగైన్, జోయల్," అంది.

"అమ్మా!" ఈసారి గట్టిగా పిలిచాడు. వరండాలో కూర్చున్నవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

సారా సంచి జిప్పు లాగింది.

తిప్పమ్మ వచ్చి భుజం పట్టి తిప్పేదాకా, పదకొండో ఏట జ్వరంతో చెవులు పోయిన సారాకి కొడుకు తనను పిలుస్తున్నాడని తెలియలేదు.