విరగని ఏడాది

“నోరు తెరువు, నా ప్రాణమా. నాలుక పైకెత్తు.”

హోదయా నాలుక పైకెత్తింది. ఓర్నా సీసాలోంచి నూనె చుక్కలు వేసి మూత బిగించింది. ఎనిమిదేళ్ళ పిల్ల ముఖం చేదుకి వంకర్లు తిరిగింది.

“గంజాయి నూనె!” అంది ఓర్నా తల్లి సుల్తానా, రొట్టెల పిండిని గుద్దుతూ. మొరాకో నుంచి ఇజ్రాయెల్ ఎడారిలోని యెరుహామ్ ఊరికి వచ్చినప్పట్నుంచీ ఆవిడ ఆ ఇంట్లో కొన్న రొట్టె అడుగు పెట్టనివ్వలేదు. “మీ అన్న కుర్రతనంలో ఒక్కసారి ఇదే పీలిస్తే మీ నాన్న బెల్టు తీశాడు. ఇప్పుడేమో డాక్టరమ్మే చీటీ రాసి మరీ పోయిస్తోంది.”

“ఎముకలు అతుక్కోడానికే అమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఎలుకల మీద పరీక్షిస్తే అతుక్కున్నాయట! నా మనవరాలు ఎలుకా?”

హోదయా ముక్కు ఎగబీల్చి ఎలుకలా మూతి ఆడించింది. ముసలావిడ నవ్వు ఆపుకోలేక పిండి చేత్తోనే పిల్ల బుగ్గ తాకి, అంతలోనే భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

హోదయా గాజు ఎముకలతో పుట్టింది. నెలల పిల్లప్పుడు స్నానం చేయించి ఎత్తుకుంటే భుజం దగ్గర ఎముక విరిగింది. పుల్ల విరిగినంత చప్పుడు. అది ఓర్నా చెవిలో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె కూతుర్ని గుండెలకి హత్తుకోలేదు. దిండు మీద పడుకోబెట్టి దిండుతో సహా ఎత్తేది. శుక్రవారం సాయంత్రం సబ్బాతు దీపాలు వెలిగించాక ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పిల్లల తలమీద చేతులుంచి దీవించి, దగ్గరికి లాక్కుని ముద్దులాడతారు. తండ్రి లేని ఆ ఇంట్లో దీవెన ఓర్నాదే. ఆమె చేతులు మాత్రం పిల్ల జుట్టుకి తగిలీ తగలనట్టు పైనే ఆగిపోయేవి. కడుపున పుట్టిన పిల్లని కౌగిలించుకోలేని తల్లి బాధ పగవాళ్ళకి కూడా వద్దు.

కిందటి వసంతంలో మంచం దిగబోతుంటే పిల్ల తొడ ఎముక విరిగింది. లోపల కడ్డీ వేసిన డాక్టర్ హగిత్ మామూలు మందులతో పాటు ఈ నూనె కూడా రాసింది.

“మంత్రం కాదు సుమా ఓర్నా. నొప్పి తగ్గిస్తుంది. ఎముక అతకడానికి సాయపడుతుందేమో చూద్దాం. ఏడాది వాడి, పనికొస్తే ఉంచుదాం, లేదంటే ఆపేద్దాం” అంది.

ఆ తర్వాత వింత జరిగింది. ఏమీ జరగకపోవడమే ఆ వింత. వేసవి వెళ్ళిపోయింది. ఏడుపు లేదు, ఆసుపత్రికి పరుగు లేదు. బడిలో ఒక కుర్రాడు తోస్తే బల్లకి గుద్దుకుని కూడా హోదయా నవ్వుతూ లేచిందని టీచరు ఆశ్చర్యపోయి చెప్పింది.

ఒక శుక్రవారం దీవెన అయ్యాక పిల్లే వచ్చి తల్లి నడుం చుట్టూ చేతులు వేసింది.

“వద్దు తల్లీ, వదులు.”

“ఏం కాదమ్మా. నాకిప్పుడు మందుంది కదా. గట్టిగా!”

ఓర్నా భయంభయంగా పట్టుకుంది. చెవులు రిక్కించింది. చప్పుడేమీ లేదు. ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఇన్నేళ్ళ ఆకలి, చేతులు ఆగలేదు. పిల్ల జుట్టులో ముఖం దాచుకుని భోరుమంది. తలెత్తి చూస్తే హోదయా కళ్ళలోనూ నీళ్ళు.

“నువ్వెందుకే ఏడుస్తున్నావ్?”

“నువ్వేడుస్తున్నావని!”

“వడ్డించిన కుస్‌కుస్ చల్లారిపోతోంది. ఇద్దరూ ఏడ్చింది చాలు” అని సుల్తానా కసిరింది, తలగుడ్డ కొసతో తన కళ్ళు తుడుచుకుంటూ.

ఆనాటి నుంచి కౌగిలి లేకుండా ఆ ఇంట్లో ఒక్క రాత్రీ గడవలేదు.

డాక్టరు పెట్టిన గడువు ఇవాళ్టితో తీరింది. ముగ్గురూ బేర్షెవా ఆసుపత్రికి బస్సెక్కారు. ఎక్స్‌రే బాగుంటే మందు ఉంటుంది. మందు ఉంటే కౌగిలి ఉంటుంది. లేదంటే మళ్ళీ ఆ దిండే.

“తొడ బ్రహ్మాండంగా అతుక్కుంది. ఇంత బాగా అతుకుతుందని నేనూ అనుకోలేదు” అంది డాక్టర్ హగిత్.

“చూశావా, ఎలుకలు అబద్ధమాడవు!” అంది సుల్తానా.

ఓర్నా నవ్వింది. డాక్టరు నవ్వలేదు. ఛాతీ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూస్తోంది.

“ఏడాదిలో ఒక్క ఎముకా విరగలేదన్నావు కదూ?”

“లేదు డాక్టరమ్మా. అది ఒక్కసారి కూడా నొప్పి అనలేదు.”

“ఈ పక్కటెముకలు చూడు. ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ కూడా. పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. విరగడం, అతుక్కోవడం, మళ్ళీ విరగడం.” డాక్టరు గొంతు తగ్గించింది. “అడగక తప్పదు ఓర్నా. ఇంట్లో ఎవరైనా పిల్లని...”

“మాటలు జాగ్రత్త!” సుల్తానా లేచి నిలబడింది. “దీని మీద ఈగ వాలనివ్వం మేము. ఆ బడి కుర్రాడే అయ్యుంటాడు!”

హోదయా తల అడ్డంగా ఊపింది. “వాడు ఒక్కసారే తోశాడు అమ్మమ్మా.”

“నూనె నొప్పి తగ్గించే ఉంటుంది. పూర్తిగా పోగొట్టదు. విరిగిన ప్రతిసారీ పిల్లకి తెలిసే ఉంటుంది” అంది డాక్టరు.

ఓర్నా కూతురి ముందు నేలమీద కూలబడింది.

“ఎవరు తల్లీ? నొప్పి పుడితే నాకెందుకు చెప్పలేదు? నీ ఆపద నాకే రానీ, ఎందుకమ్మా దాచావు?”

హోదయా డాక్టర్ని చూసింది, అమ్మమ్మని చూసింది. తల్లి చెవి దగ్గరికి వంగింది.

“చెప్తే, మళ్ళీ నన్ను హత్తుకోవుగా.”