ఎంగిలి రక్తం

వానలు మొదలయ్యాయంటే ఊళ్లో అందరూ రేషన్ షాపుకి వెళ్లినంత మామూలుగా యూనివర్సిటీలో రక్తకణాలు పరీక్షించే గదికి వెళ్తారు. జ్వరం పైకి తేలకముందే, రక్తంలో ఏ జబ్బు దూరిందో అక్కడి మిషను చెప్పేస్తుంది. ఉన్నది ఒక్కటే మిషను. పరిశోధన చేసేవాళ్లకీ అదే, పచ్చళ్లమ్మేవాళ్లకీ అదే.

ఆపరేటర్ శశిరేఖ మొదట పేర్రాజుగారి రక్తం మిషన్లో పెట్టింది. డెంగీ అంది మిషను. వెనకే ఆయన భార్య హైమావతి రక్తం పెట్టింది. మళ్లీ డెంగీయే అంటూ కాయితం వచ్చింది.

"సరే, ఇద్దరం దోమతెరల వార్డుకి పోతాం," అంటూ హైమావతి సంచీ అందుకుంది.

అంతలో శశిరేఖ నాలిక్కరుచుకుంది. మధ్యలో మిషను కడగడం మరిచిపోయింది.

"మామ్మగారూ, మీది ఎంగిలి రిజల్టండీ! తాతగారి రక్తం గొట్టంలో మిగిలిపోయింది."

కడిగి మళ్లీ పెడితే హైమావతికి ఏమీ లేదు.

"మీరు ఇంటికెళ్లిపోవచ్చండీ. ఆ వార్డులోకి జబ్బున్నవాళ్లనే రానిస్తారు. తాతగారు వారం రోజులు ఒక్కరే ఉండాలి."

పేర్రాజుగారు బిక్కమొహం వేశారు. హైమావతి ఆయన వంక చూసింది, మిషను వంక చూసింది.

"పెళ్లైన కాణ్ణుంచీ ఆయన ఎంగిలి కాఫీయే తాగుతున్నానమ్మాయ్. ఇప్పుడు కొత్తగా ఈ కడగడాలేంటి? ఆ మొదటి కాయితమే ఇచ్చెయ్యి."