గుమ్మం దగ్గర కళ్ళజోడు

ఈ రోజుల్లో కళ్ళజోళ్ళు మహా గడుసువి. చీమను చూసినా దాని ముత్తాత పేరు చెప్పేస్తాయి. ఇక మనిషిని చూస్తే చుట్టరికాలూ, నేరాలూ అన్నీ కక్కేస్తాయి. అందుకే జైలునుంచి వచ్చినవాళ్ళు నడిపే మా విజయనగరం టిఫిన్ హోటల్లో ఓ మర్యాద ఉంది. కళ్ళజోడు గుమ్మం దగ్గర మేకుకు తగిలించి లోపలికి రావాలి.

నిన్న ఓ పెళ్ళీడు పిల్ల కళ్ళజోడు మేకుకు తగిలించి లోపలికొచ్చింది. పెనం దగ్గర పైడిరాజు చెయ్యి ఆగిపోయింది.

"ఏరా, అట్టు మాడుతోంది. పెళ్ళిచూపులా?" అన్నాను.

"నా కూతురు మావా. అచ్చం వాళ్ళమ్మే."

తాగిన మైకంలో ఆ అమ్మనే చంపి జైలుకెళ్ళాడు వాడు. అప్పటికి పిల్ల ఉయ్యాల్లో ఉంది.

పెసరట్టు తనే తీసుకెళ్ళి పెట్టాడు. పిల్ల ఇష్టంగా తింటుంటే, మేకు మీది ఆమె కళ్ళజోడు తెచ్చి రెండు చేతులా అందించబోయాడు. తండ్రని చెప్పే ఆ అద్దాలే హంతకుడనీ చెబుతాయని వాడికి తెలుసు.

"ఒక్కసారి పెట్టుకుని నన్ను చూడమ్మా."

"వద్దు బాబాయ్. నువ్వేం చేసొచ్చావో నాకెందుకు? అట్టు బాగుంది," అని నవ్వి, కళ్ళజోడు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

ప్లేట్లో ఆమె వదిలేసిన ముక్క ఉంది. పైడిరాజు అటూ ఇటూ చూసి, దాన్ని నోట్లో పెట్టుకున్నాడు.