గంటకు జానెడు దూరం

ఇన్‌స్పెక్టరుగారి కళ్ల ముందే గోళీ ఆగిపోయింది.

ఎనభై మూడులో మా పదో తరగతి ఫిజిక్సు ప్రాజెక్టు అది. ఒకటి పడితే ఇంకొకటి కదిలి, చివరకు గంట మోగాలి. అట్టముక్కలు వరసగా పడ్డాయి, డబ్బా ఒరిగింది, గోళీ నేను చేసిన చెక్కగాడిలోకి దొర్లింది. గంటకు జానెడు దూరంలో నిలబడిపోయింది.

పది రోజులుగా భోజనాల బెల్లు కాగానే ఆడించి చూస్తున్నాం. ఒక్కసారీ ఆగలేదు. గంట బిగించింది ఖయ్యూం. ఇన్‌స్పెక్టరు వచ్చేముందు ల్యాబులో ఒంటరిగా ఉన్నదీ వాడే.

"ఏటి సేసినావురా?" అన్నాను.

"నాను ముట్టుకోనేదు జగ్గా. టైమయినా గూడ్సు రానేదేటని కిటికీలోంచి సూసినానంతే."

పోర్టుకు ఇనప ఖనిజం మోసే గూడ్సు రోజూ భోజనాల వేళకు మా బడిగోడ వెనకనుంచే పోతుంది. పుట్టినప్పట్నుంచీ వింటున్న మోత. అది వచ్చిందో లేదో ఎవడు చూస్తాడు? వీడికి అబద్ధం చెప్పడం కూడా చేతకాలేదనుకున్నాను.

మాష్టారికి చెప్పి, చార్టు మీద వాడి పేరు నేనే కొట్టేశాను. వాడు పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి వెళ్లిపోయాడు.

ఎగువ కొండల్లో పట్టాల మీద పడి గూడ్సును ఆపేసిన బండలు తీయడానికి నాలుగు రోజులు పట్టిందట. అయిదో రోజు భోజనాల వేళ మిషను విప్పుదామని ల్యాబుకు వెళ్లాను. గోళీ ఇంకా నా గాడిలోనే ఉంది.

గోడ వెనక గూడ్సు వచ్చింది. బల్ల సన్నగా అదిరింది. వాలు సరిపోని నా గాడిలోంచి గోళీ మెల్లగా దొర్లింది.

ఖయ్యూం గంట మోగింది.

నేను ముట్టుకోలేదు.