తెగాల్సిన తాడు

"తెగవే తల్లీ, తెగు..." అని గొణిగాడతను, యంత్రం ఇనుప తాడును రెండు కొసలా పట్టి లాగుతుంటే.

పరీక్ష చేసే మేడమ్‌కు నవ్వొచ్చింది. "ఇక్కడికొచ్చే వాళ్ళంతా తెగకూడదని దండం పెట్టుకుంటారు. మీరేంటండీ, తిరగేసి?"

"తెగకపోతే మా తమ్ముడు జైలుకు పోతాడు మేడమ్."

అతని తమ్ముడు క్రేన్ నడుపుతాడు. పోయిన వారం క్రేన్ తాడు తెగి, ఇనుప దూలం కిందపడి, ఒక వెల్డరు కాలు పోయింది. మోయలేని బరువెత్తాడని అందరూ తమ్ముడి మీదే పడ్డారు. తాడు మంచిదైతే తప్పు తమ్ముడిది, నాసిదైతే కాదు. అందుకే అదే చుట్టలో వాడకుండా మిగిలిన ముక్కను కోసి, అన్న ఈ ల్యాబుకు పట్టుకొచ్చాడు.

"ఇది పది టన్నుల దాకా తెగకుండా ఆగాలి," అంది మేడమ్, అంకెల మీంచి చూపు తిప్పకుండా.

"నలుగురిలో నేనూ వాణ్ణే తిట్టానండి. కళ్ళు నెత్తికెక్కాయా, అంత బరువెందుకెత్తావురా అని. వాడు అప్పట్నుంచి ముద్ద ముట్టట్లేదు."

"అయ్యో! సొంత అన్నే అంటే ఎవరు మాత్రం తట్టుకుంటారు?"

ఫట్‌మని పెద్ద చప్పుడు. తాడు పోగులన్నీ విచ్చుకుపోయాయి. అంకె ఆరు దగ్గరే ఆగిపోయింది.

"ఉత్త నాసిరకం! మీ తమ్ముడి తప్పేం లేదండీ."

అతను కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. మేడమ్‌కు మాత్రం ఒళ్ళు మండింది.

"బిగించకముందే ఇలా ఓ ముక్క మాకు పంపి ఉంటే అప్పుడే తేలిపోయేది. పాపం, ఆ వెల్డరు ఇవాళ తన కాళ్ళ మీద నడిచేవాడు. పరీక్ష లేకుండా ఈ తాడు ఎవరిచ్చారసలు?"

"స్టోరు ఇన్‌చార్జి. ఎప్పుడూ తెచ్చే సరుకే కదా, పని ఆగడమెందుకని ఇచ్చేశాడు."

"ఏం మనిషండీ! ఈ రిపోర్టు వెళ్తే ఉద్యోగం ఊడుతుంది. జైలు కూడా తప్పదేమో."

"తప్పకూడదండి."

"సర్లెండి, ముందు ఇంటికెళ్ళి తమ్ముడికి చెప్పండి. కడుపారా తింటాడు."

"ఫోన్లో చెప్తానండి. ఇంటికెళ్తే పిల్లలు కనబడతారు, కాళ్ళు కదలవు."

రిపోర్టు అందుకుని, అతను తిన్నగా పోలీస్ స్టేషన్ వైపు నడిచాడు.

ఆ స్టోరు ఇన్‌చార్జి అతనే.