ఇయ్యాల ఎంతున్నరు సార్?

"ఇయ్యాల ఎంతున్నరు సార్?"

రిత్విక్ క్యారవాన్ మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, మళ్లీ అదే గొంతు.

బాలనర్సయ్య. సెట్లో ఏదో పని చేస్తాడు. ఏం పనో హీరోగారికి తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. యాభై దాటిన మనిషి. రోజూ పొద్దున్నే ఇక్కడ ప్రత్యక్షం.

"ఎనభై ఒకటి," అన్నాడు రిత్విక్ పళ్లు కొరుకుతూ.

"నిన్న గూడ గంతే గద సార్. రాత్రి ఏం తిన్నరు?"

"గాలి."

బాలనర్సయ్య నవ్వలేదు. తలూపి వెళ్లిపోయాడు.

"వీడికెందుకయ్యా నా బరువు?" రిత్విక్ మేనేజర్ మీద విరుచుకుపడ్డాడు.

"వదిలేయండి సార్, చాదస్తం," అన్నాడు బాబీ. "మీరు సగమైపోయారు. పొద్దున నేనే గుర్తుపట్టలేదు."

అందరూ ఇదే మాట. అంకె అడిగేది మాత్రం ఆ ఒక్కడే.

రిత్విక్ అన్నం మానేసి నలభై రోజులు. గుడ్లు, పనీరు, కీరా ముక్కలు, మళ్లీ గుడ్లు. కాలీఫ్లవర్ తురిమి అన్నం అనుకోమంటుంది డైటీషియన్. అనుకుంటే అయిపోతుందా? ఫిల్మ్ నగర్ మలుపులో ఇడ్లీ బండి కనిపిస్తే కారు అద్దాలు ఎక్కించేస్తున్నాడు. నిద్ర పట్టదు. ఒక చోట కూర్చోబుద్ధి కాదు. ఎవరు నోరు విప్పినా మీద పడి కరవాలనిపిస్తుంది.

ఇంత కడుపు మాడ్చుకోవడం అందం కోసం కాదు.

కిందటి సినిమాలో ఫైట్లన్నీ డూపే చేశాడని ఊరంతా నవ్వింది. డూప్ వీపు ఫొటో పెట్టి, 'అసలు హీరో ఇతనే' అని రాశారు. ఆ నవ్వు రిత్విక్ చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఈసారి తాడు కట్టుకుని ముప్పై అడుగుల గోడ మీదికి తానే ఎగురుతానని నలుగురి ముందు మాటిచ్చాడు.

"డెబ్బై ఎనిమిదికి రండి, ఎక్కిస్తాను," అన్నాడు ఫైట్ మాస్టర్ పట్టాభి. "లేదంటే డూపే."

షాట్ ముందురోజుకి తూకం ముల్లు డెబ్బై ఎనిమిది మీద ఆగింది.

ఆ రోజే నిర్మాత పుట్టినరోజు. సెట్లోకి పెద్ద కేకు వచ్చింది. నిర్మాతే స్వయంగా ముక్క కోసి రిత్విక్ నోటి దగ్గర పెట్టాడు. ఒక్క ముక్కకి ఏమవుతుందిలే అని రిత్విక్ నోరు తెరిచాడు.

"గది తినకుండ్రి సార్," అన్నాడు బాలనర్సయ్య గుంపులోంచి. "రేపటికి మల్ల పెరుగుతరు."

ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో యూనిట్టంతా నవ్వింది.

రిత్విక్‌కి తల తిరిగిపోయింది. పుండు మీద కారం చల్లినట్టయింది. నలభై తొమ్మిది రోజుల ఆకలీ ఒక్కసారే నోట్లోకొచ్చింది.

"బాబీ, రేపు ఈ మనిషి సెట్లో ఉంటే నేనుండను."

బాలనర్సయ్య మొహం వాడిపోయింది.

"పట్టాభి మాస్టర్ రానీ సార్. జర ఆయనతోని ఒక్కమాట..."

"ఏ మాటా వద్దు. పో."

మాస్టర్ ఆ రోజు వేరే షూటింగులో ఉన్నాడు. బాలనర్సయ్య టిఫిన్ డబ్బా తీసుకుని గేటు దాటాడు.

మర్నాడు పొద్దున రిత్విక్ పెందలాడే వచ్చేశాడు. నడుముకి పట్టీ బిగించారు.

మాస్టర్ చుట్టూ చూశాడు. "బాలనర్సయ్య ఏడీ?"



"నేనే పంపించేశాను మాస్టర్," అన్నాడు రిత్విక్. "రోజూ నా బరువు అడిగి ప్రాణం తీస్తున్నాడు."

మాస్టర్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఆయన అడక్క ఇంకెవరు అడుగుతారు బాబూ? తాడు పైన గిలక మీంచి పోతుంది. ఈ కొసకి మీరు, ఆ కొసకి ఆయన. గోడ వెనక ఆయన దిగితేనే గోడ ముందు మీరు లేస్తారు. ఆయన బరువు తక్కువైతే నడుముకి ఇసుక కట్టుకుంటాడు. ఎక్కువైతే మాత్రం మీరు రివ్వున లేచి పైనున్న ఇనుప కడ్డీకి గుద్దుకుంటారు. మీకు ఇసుక కడదామంటే కెమెరాకి కనపడుతుంది."

"ఆ కొసకి కూడా ఇసుక సంచే కట్టొచ్చుగా?"

"డూప్‌కి అదే కడతాం. వాడికి అలవాటు. మీరు గాల్లో పట్టు తప్పితే సంచికి తెలుస్తుందా? ఆయనకి తెలుస్తుంది."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎక్కేవాళ్ల దగ్గర తాడు మాట ఎత్తం. భయపడతారని."

అవతల డూప్ అప్పుడే రిత్విక్ చొక్కా తొడుక్కుంటున్నాడు.

రిత్విక్ బాబీ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. బాలనర్సయ్య ఉండే రహమత్ నగర్ ఎంత దూరం, పది నిమిషాలు.

"బాలనర్సయ్యగారూ, నేను రిత్విక్‌ని. తప్పు నాదే. కారు పంపిస్తున్నాను, రండి."



"వద్దు సార్. డూప్‌నే ఎక్కియ్యమనుండ్రి."

"నా మీద కోపమా?"

"కోపమేంది సార్. మీరెంత తగ్గితే నేను గంత తగ్గుకుంట వచ్చిన, యాభై దినాల సంది అన్నం ముట్టలే. పనికి రావద్దన్నరు గదా అని నిన్న ఇంటికొచ్చి కడుపు నిండ తిన్న, పొద్దుగాల గూడ తిన్న. ఇయ్యాల మీ బరువుకు నేను సరిపోను సార్."