కుర్చీ వెనకాల మనిషి

“వెనక్కి తిరక్కమ్మాయ్. నా ముద్దలు లెక్కపెడుతున్నాడు,” అన్నారు అత్తగారు గుసగుసగా.

ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన గొంతు కాబట్టి, ఆవిడ గుసగుస నాలుగు బల్లల అవతల కూడా వినిపించింది.

తిరగొద్దన్నారు గనక కోడలు తిరిగి చూసింది.

అత్తగారి కుర్చీ వెనకాల అరవై దాటిన ఒకాయన. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. చేతులు కట్టుకుని, ఆవిడ పళ్లెంలోకి, ఆవిడ మొహంలోకి మార్చి మార్చి చూస్తున్నాడు.

“చోటు కోసమండీ అత్తయ్యా. ఇందాక మనమూ ఇలాగే నిలబడ్డాం కదా.”

“మనం గోడకేసి చూస్తూ నిలబడ్డాం.”

ఆ భోజనశాలలో పద్ధతి అదే. చీటీల్లేవు, పేర్లు పిలవడాల్లేవు. ఎవరి భోజనం అయిపోవచ్చిందనిపిస్తే వాళ్ల కుర్చీ వెనకాల నిలబడాలి. లేవగానే కూర్చోవాలి. తినేవాడి మెడకి వెనకవాడి ఆకలి వెచ్చగా తగులుతూ ఉంటుంది.

“ఈ ఊరొచ్చి ఈ కూర తినకపోతే రానట్టే,” అన్నాడు కొడుకు. “నలభై చోట్ల చదివాను. అందరూ ఇక్కడే తినమన్నారు. రెండింటికల్లా గిన్నె ఖాళీ అట.”

నిజానికి వాళ్లు వచ్చింది కూర కోసం కాదు. మర్నాడు పదింటికి ఈ ఊళ్లో, అత్తగారు కొత్తలో పనిచేసిన బడికి యాభై ఏళ్ల వేడుక. మొట్టమొదటి పంతులమ్మ కాబట్టి ఆవిడకి సన్మానం. పదకొండు పేజీల ఉపన్యాసం నెల రోజులుగా అద్దానికి వినిపిస్తున్నారు. అద్దం మారు మాట్లాడలేదు గనక బాగుందనే లెక్క.

పప్పన్నం అయ్యాక కూర రాగానే ఆవిడ పై వరస పెట్టుడు పళ్లు తీసి, చేతులు తుడుచుకునే కాగితంలో చుట్టి, పళ్లెం పక్కన పెట్టారు.

“ఇదేమిటత్తయ్యా, ఇక్కడా!”

“ఇవుంటే అంగిలి మూషుకుపోతుంది. రుచి తెలీదు. వెన్నలా ఉడికింది, నమలక్కర్లేదులే.”

కూర ఎలా ఉందంటే, ముగ్గురూ మాట్లాడకుండా తిన్నారు. ఆ ఇంట్లో అలాంటిది అంతకుముందు జరగలేదు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి పళ్లేల్లేవు. బల్ల అద్దంలా తుడిచి ఉంది.

“నా పళ్లు!”

ముగ్గురూ బల్ల కింద దూరారు. అక్కడ ఎవరివో చెప్పులున్నాయి, పళ్లు లేవు.

“రేపు పదింటికి...” అంది కోడలు.

“కొత్తవి కట్టడానికి రెండు నెలలు,” అన్నాడు కొడుకు. “అమ్మా, ఓసారి మొదటి వాక్యం చెప్పు.”

“గౌరవనీయులైన షభకు నమష్కారం.”

ఎవరూ నవ్వలేదు. అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కుర్చీ ఖాళీ అయినా ఆ తెల్లచొక్కా ఆయన ఇంకా కూర్చోలేదు.

“ఆ కాగితం పళ్లెంతో పాటే వెళ్లిపోయిందమ్మా. ఈ వైపు బల్లలవన్నీ నీలం తొట్టిలో పడతాయి. రండి.”

ఆయన అడుగు పక్కకి వేశాడో లేదో, ఆ కుర్చీలో ఇంకెవరో వాలిపోయారు.

పెరట్లో నీలం తొట్టి నిండా ఎంగిలి, దాంట్లో అన్నీ ఒకేలాంటి కాగితపు ఉండలు. ఆయన చొక్కా చేతులు మడిచి మోచేతిదాకా ముంచాడు. ఇల్లాలికి ఎంగిలి కొత్తేమీ కాదు గనక కోడలు కూడా కొంగు బిగించింది. కొడుకు ముక్కు మూసుకుని పర్యవేక్షించాడు.

“మెల్లిగా! విరిగితే ఊరుకోను!” అన్నారు అత్తగారు, తప్పు లెక్క చేసిన పిల్లాడిని గదమాయించినట్టు.

“అలాగేనమ్మా.”

ఒక్కో ఉండా నొక్కి చూసి పక్కన పడేస్తూ పోయాడు. అరగంట గడిచింది. కోడలికి ఆశ తగ్గి నడుంనొప్పి పెరిగింది.

“ఇది గట్టిగా ఉందమ్మా.”

విప్పితే, పై వరస మొత్తం నవ్వుతూ కనిపించింది.

అత్తగారు మెట్టు మీద కూలబడి బోసినోటితో పకపకా నవ్వారు. ఆయనే వంటింట్లోకి వెళ్లి గిన్నెడు వేణ్నీళ్లు తెచ్చాడు. పళ్లు కడిగారు, పెట్టుకున్నారు, లేచి నిలబడ్డారు.

“గౌరవనీయులైన సభకు నమస్కారం!”

‘స’లు రెండూ చెక్కుచెదరలేదు. గిన్నెలు తోముతున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. కొడుకు ముక్కు వదిలేసి గుండెల నిండా ఊపిరి పీల్చాడు, ఎక్కడున్నాడో మర్చిపోయి.

“వెళ్లి భోంచేయండి పెద్దాయనా, మా వల్ల ఆలస్యమైంది,” అంది కోడలు.

ఆయన తన చొక్కా చూసుకున్నాడు. భుజం దాకా కూర మరకలే.

“ఈ వాలకంతో నలుగురి మధ్య కూర్చుంటే బాగోదమ్మా,” అని నవ్వి, పెరటి తలుపు గుండా వెళ్లిపోయాడు.

లోపల ఎవరో ఖాళీ గిన్నె మీద మూత బోర్లించిన చప్పుడు. రెండయింది.

గండం గడిచిందన్న సంబరంతో అత్తగారు గుమ్మం దగ్గర యజమానిని పలకరించారు.

“ఏ తొట్టి ఎక్కడుందో తెలుసంటే మీ పనివాడే అయ్యుంటాడు, ఆ తెల్లచొక్కా ఆయన. బంగారమయ్యా. కాస్త తిండి ధ్యాస ఎక్కువ గానీ.”

యజమాని ముందు తెల్లబోయాడు. తర్వాత ఆత్రంగా అడిగాడు.

“మీ కుర్చీ వెనకాల నిలబడ్డాయనేనా? ఇంతకీ కూర్చుని తిన్నాడా?”

“లేదు. వెళ్లిపోయాడు. ఏం?”

“నిన్నటిదాకా ముప్పై రెండేళ్లు ఆ కూర వండింది ఆయనేనమ్మా, శిష్యుడికి గరిటె అప్పజెప్పి, అందరిలాగే వంతు కోసం నిలబడి, ఆ కుర్చీలో కూర్చుని తినడానికి ఇవాళే మొదటిసారి వచ్చాడు.”